కదిలించడం, కదలడం



మన సాయంత్రపు తెలుగు తరగతిలో ఒక పిల్లవాడు, "మాస్టారూ, నాన్నగారిని డీమొబిలైజ్ చేశారట. దానికి తెలుగేమిటండీ?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఖతార్‌లో కట్టడపు పనులు చేసేవారికి 'మొబిలైజేషన్' నిత్యం వినబడే మాట. కాంట్రాక్టు రాగానే క్రేన్లను, జనరేటర్లను, మనుషులను సైటుకు చేర్చడం మొబిలైజేషన్. పని ముగిశాక వెనక్కు పంపడం డీమొబిలైజేషన్. యంత్రానికీ మనిషికీ ఒకటే మాట!

దీని మూలం లాటిన్‌లోని 'మొబిలిస్', అంటే కదల్చ వీలైనది. అక్కడి నుండి ఫ్రెంచి ద్వారా ఇంగ్లీషుకు వచ్చింది. యుద్ధానికి సేనలను సిద్ధపరచడం అనే అర్థంలో స్థిరపడింది. 1914 ఆగస్టులో ఫ్రాన్సులో ఊరూరా గోడలమీద ఈ మాటతోనే ప్రకటనలు వెలిశాయి. మన పెద్దల కాలంలో మేస్త్రీలు కోస్తా పల్లెల నుండి కూలీలను పోగుచేసి, ఓడలెక్కించి రంగూనుకు తీసుకుపోయారు. మాట వేరైనా పని అదే.

మన పత్రికలు దీనిని 'సమీకరణ' అంటాయి: జనసమీకరణ, నిధుల సమీకరణ. సమము కానిదానిని సమము చేయడమని దాని అసలు అర్థం. అందుకే లెక్కల్లో ఈక్వేషన్‌ను సమీకరణమంటాం.

అయితే తెలుగులో 'కదిలించు' వేరు, 'కదులు' వేరు. మొదటి దానిలో కదిలించేవాడు మరొకడు. రెండవ దానిలో మనిషి తానే కదులుతాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకొంటున్న స్త్రీలు సారా దుకాణానికి ఎదురు తిరిగారు. వారి కథ వయోజన విద్యా వాచకంలో పాఠమైంది. అది చదివి ఊరి తర్వాత ఊరు లేచింది. 1993 అక్టోబరు 1 నుండి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. చదువు వారిని కదిలించిందనుకోండి, కాని కదిలినది వారే.

మరుసటి తరగతిలో ఆ పిల్లవాడికి ఇలా చెప్పాను: "నాయనా, మీ నాన్నగారి పని పూర్తయింది, ఇంటికి వెళుతున్నారు అను. క్రేనును పంపిస్తారు, మనిషి వెళతాడు."

వారు బయలుదేరే ముందురోజు సామాను కట్టడానికి నలుగురూ వచ్చారు. ఎవరూ కబురు పెట్టలేదు. దానికి మన భాషలో పెద్ద మాటేమీ లేదు. 'తోడు' అంటాం.