సారథ్యము నేర్పు బడి – లారీ నేర్వబోవు యువకులకు కొన్ని మాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో ఏదేని కావ్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినారు. నేను లారీని గూర్చి మాటలాడుటకు అనుమతి వేడితిని. సేద్యము చాలక లారీ నడుపుట నేర్వదలచువారు మన ఊరి పడుచువారిలో పెక్కుమంది కలరు. వారి తండ్రులు పాడిగేదెను అమ్మియో, అప్పు తెచ్చియో రుసుము కట్టుచున్నారు. ఆ ధనము ఎటువంటి బడికి పోవుచున్నదో విచారించువారు మాత్రము అరుదు.

నన్నయభట్టారకుడు తెనిగించిన అరణ్యపర్వ భాగములో నలోపాఖ్యానమున్నది. బాహుకుడను మారుపేరుతో నలుడు ఋతుపర్ణ మహారాజునకు సారథియైనాడు. విదర్భకు పోవు త్రోవలో రాజు ఒక తాండ్రచెట్టును చూచి, దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పెను. నలుడు ఆ మాటను ఊరక నమ్మలేదు. రాజు తొందరపెట్టుచున్నను రథము నిలిపి, దిగి, చెట్టును కూల్చి, ఎంచి చూచుకొని, సరిపోయిన పిదపనే నమ్మెను. సారథి యనువాడు మాటను నమ్మక లెక్కను సరిచూచుకొనవలెనని నేను ఈ కథనుండి గ్రహించితిని.

నేను ఋతుపర్ణుని తెగవాడను. లెక్క తెలియును; బండి నడుపుట తెలియదు. అయినను ఆ లెక్కయే నేను ఒకసారి తప్పు వేసితిని. అది చెప్పుటకే మీ ముందు నిలిచితిని.

కొన్నేండ్ల క్రిందట నా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, పట్నంలో రెండు బడులున్నాయి, ఏది మంచిదంటారు?" అని అడిగెను. ఒకచోట రుసుము తక్కువ. దినదినము రానక్కరలేదు, కాగితములు తామే చూచుకొందుమనిరట. రెండవచోట రుసుము దాదాపు రెట్టింపు. నెలదినములు తప్పక రావలెననిరట. నేను రెండు అంకెలు వేసి, పెద్దదానినుండి చిన్నదానిని తీసివేసి, మిగిలినది లాభమంటిని. అతడు మూడే మూడు దినములు చక్రము పట్టెను. అదియు చదును నేలపై, ఖాళీ బండితో. ధ్రువపత్రము మాత్రము చేతికి వచ్చెను.

తొలి కొలువులోనే నిండు బస్తాలతో నల్లమల ఘాటు దిగవలసివచ్చెను. డీజిలు ఆదా యగునని ఎవరో చెప్పిన మాట విని, గేరు తీసివేసి, బ్రేకుమీదనే బండిని దింపెను. బ్రేకులు కాగి పట్టు వదలినవి. కొండవైపు గట్టునకు కొట్టించి బండిని నిలిపెను. ప్రాణములు దక్కినవి గాని, అతని కుడికాలు విరిగి నేటికిని కుంటుచున్నాడు. క్లీనరు పిల్లవాని చేయి రెండుచోట్ల విరిగెను. ఆ పిల్లవాని తల్లి ఆసుపత్రి వరండాలో నన్ను చూచి ఏమియు అనలేదు. ఏదేని అనినను బాగుండెడిది. నా మేనల్లుడు నేడు ఈ సభలో వెనుక వరుసలోనే కూర్చున్నాడు. "చెప్పండి మామయ్యా, దాచొద్దు" అని అతడనిన మీదటనే చెప్పుచున్నాను.

ఇక సరియైన లెక్క చెప్పెదను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము రవాణా బండి నడుపుటకు 20 ఏండ్లు నిండవలెను. తేలికపాటి బండి లైసెన్సు పొంది ఒక సంవత్సరమైనను గడిచిన పిమ్మటనే పెద్దబండికి లెర్నింగు లైసెన్సు ఇత్తురు. ఎనిమిదవ తరగతి చదివియుండవలెనను నిబంధనను 2019లో తొలగించినారు. మొత్తము బరువు 7,500 కిలోలు మించని రవాణా బండ్లను తేలికపాటి లైసెన్సుతోనే నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చిన్నబండితో బ్రతుకు సాగించదలచినవాడు పెద్ద రుసుము కట్టుటకు ముందే ఈ సంగతి ఆలోచించుకొనవలెను.

1989 నాటి కేంద్ర నిబంధనలు బడికి కొన్ని కట్టుబాట్లు విధించినవి. రవాణా బండి శిక్షణ 30 దినములకు తగ్గరాదు. స్వయముగా నడుపు కాలము 15 గంటలకు తగ్గరాదు. బడి ఏ తరహా బండిని నేర్పునో ఆ తరహా బండి ఒక్కటైనను దానికి ఉండవలెను. ప్రక్కనుండి గురువు కూడ ఆపగల జంట బ్రేకు అందు అమర్చియుండవలెను. గురువు పదవ తరగతి చదివి, ఐదేండ్లు బండి నడిపి, మోటారు యంత్రపు పనిలో అర్హత పొందినవాడై యుండవలెను. ప్రతి శిష్యుడు నడిపిన గంటలను ఫారం 15 పుస్తకములో వ్రాయవలెను. ఆ పుస్తకమును చూపుమని అడుగుడు. చూపుటకు సందేహించు బడిని విడిచి రండు.

రుసుమును రుసుముతో పోల్చకుడు, గంటలతో భాగింపుడు. ఉదాహరణమునకు, 15 గంటలకు 9,000 రూపాయలైన గంటకు 600. మూడు గంటలకు 4,500 అయిన గంటకు 1,500. చవుక యనుకొన్నదే ప్రియమైనది. నేను నాడు వేయని లెక్క ఇదియే. అయితే రుసుము హెచ్చైనదెల్ల మేలనియు తలపరాదు.

చేరుటకు ముందు ఒక ఉదయము పోయి కన్నులార చూడుడు. బరువు వేసిన బండిని నడిపింతురా? ఎత్తు ఎక్కించి, దింపి చూపుదురా? ఘాటు దిగునపుడు తక్కువ గేరులో ఉంచి, ఇంజను చేతనే వేగమును అణచవలెనని నేర్పుదురా? గాలిబ్రేకుల బండిలో గాలిముల్లు తగినంత పైకి రానిదే బండి కదలింపరాదని చెప్పుదురా? ఎడమప్రక్కను అద్దమునకు కానరాని చోటు ఎంతయో దిగి చూపుదురా? వెనుకకు నడుపుట, టైర్లు తట్టి చూచుట నేర్పుదురా? 2025 వరకు అమలులోనుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పని అని విధించియుండెను. నిద్ర మాని నడుపుట ప్రతాపము కాదని చెప్పు గురువే గురువు.

2021 జూలై 1 నుండి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రముల నిబంధనలు అమలులోనికి వచ్చినవి. పెద్దబండ్లు నేర్పు కేంద్రమునకు రెండెకరముల స్థలము, బండిని పోలిన సిమ్యులేటరు యంత్రము ఉండవలెను. శిక్షణ ఆరు వారములలో 38 గంటలు. అందు ఉత్తీర్ణులైనవారికి రవాణా కార్యాలయములో మరల నడిపి చూపు పరీక్ష నుండి మినహాయింపు కలదు. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలోను పెద్దబండ్లు నేర్పు సంస్థ యున్నది. దూరమని వెనుదీయకుడు, లారీ నడుపువానికి దూరమెక్కడిది?

చివరకు ఒక మనవి. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఇతరులు వ్రాసిన పుస్తకములను మనకిచ్చినది. ఇకమీదట మనము వ్రాయు పుస్తకమొకటి ఇచ్చట ఉండవలెను. ఏ బడిలో చేరితిరి, ఎన్ని దినములు పోతిరి, ఎన్ని గంటలు చక్రము పట్టితిరి, బరువుబండి నడిపితిరా లేదా అని నేర్చి వచ్చిన ప్రతివాడును అందు వ్రాయవలెను. తరువాత పోవువాడు దానిని చదివి పోవును. అట్టల పుస్తకమును గీతలు గీసి నేను తెచ్చితిని. ఈ బల్లమీద నున్నది. మొదటి పుటను వ్రాయుటకు నా మేనల్లుడు ఒప్పుకొనినాడు.