బట్టల బొమ్మయు, అమ్మ చీరయు

(రామయ్యపట్నము పాఠశాల వార్షికోత్సవ సందర్భమున, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వచ్చు వార్షికోత్సవమునాటికి మన పాఠశాలలో ఒక గదిని మన పెద్దల కట్టుబట్టల ప్రదర్శనమునకు కేటాయింపవలెనని సంఘమువారు సంకల్పించియున్నారు. ఇండ్లలోని పాత చీరలు, పంచెలు, పట్టుజోడాలు, పిల్లల పరికిణీలు తెచ్చి, బొమ్మలకు కట్టి చూపవలెనని వారి కోరిక. నేను బరంపురములో బట్టల దుకాణమున ముప్పది యేండ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను గనుక, ఆ బొమ్మలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. నా చేతులకు తెలిసిన సంగతులనే మీకు మనవి చేసికొందును.

ఈ సంకల్పము వెల్లడియైన నాటినుండి కొందరు తల్లులు నన్నొక ప్రశ్న అడుగుచున్నారు. "బాబాయీ, చీర ఇచ్చుటకు మాకు అభ్యంతరము లేదు. కాని ఇచ్చిన చీర ఇచ్చినట్లే తిరిగి వచ్చునా?" అని. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. దానికి నేను జవాబు చెప్పుటకు ముందు నా యింటి కథ యొకటి చెప్పవలెను.

చాలకాలము క్రిందట మా అమ్మ పెండ్లినాటి పట్టుచీరను ఒక ప్రదర్శనమునకు ఇచ్చితిని. అది ఎవరు జరిపిరో చెప్పను. వారు ఆ చీరను ఇనుప కడ్డీ గల బొమ్మకు చుట్టి, గుండుసూదులతో బిగించి, మూడు వారములు కిటికీ ప్రక్కన నిలిపిరి. తిరిగి వచ్చునప్పటికి భుజము కడ తుప్పు మరకలు. సూదులు గ్రుచ్చిన చోట్ల తెగిన పోగులు. ఎండ తగిలిన వైపు ఒక రంగు, తగలని వైపు మరియొక రంగు. తప్పు వారిది మాత్రమే కాదు. దినమంతయు బట్టలతోనే బ్రదుకు నేను ఒక్కనాడైనను పోయి చూడనైతిని. అమ్మ ఒక్క మాటయైన అనలేదు. చీరను మడిచి పెట్టె అడుగున పెట్టుకొన్నది. ఆ చీర నాకు నేర్పిన పాఠమే నేటి నా ప్రసంగము. బొమ్మ బట్టకు సేవ చేయవలెను గాని, బట్ట బొమ్మకు సేవ చేయరాదు.

దుకాణములలో ఈ బొమ్మను డమ్మీ యందురు. మానిక్విన్ అను పేరు, డచ్చి భాషలో 'చిన్న మనిషి' అను అర్థము గల మాటనుండి ఫ్రెంచివారి మీదుగా వచ్చినది. 1922లో ఈజిప్టు దేశమున తుతన్‌ఖామన్ రాజు సమాధి బయల్పడినప్పుడు అందులో చేతులు లేని కొయ్యబొమ్మ యొకటి దొరకినది. రాజు వస్త్రములనో నగలనో అమర్చి చూచుకొనుటకు దానిని చేసియుందురని కొందరి ఊహ. అది సుమారు 3,300 ఏండ్ల నాటిది. ఐరోపా దుకాణములలో పూర్వము మైనపు బొమ్మలుండెడివి; ఎండకు, దీపముల వేడికి అవి మెత్తబడి కరగెడివి. తరువాత కాగితపు గుజ్జు బొమ్మలు, ప్లాస్టరు బొమ్మలు వచ్చినవి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఫైబరు బొమ్మలు వ్యాపించినవి. మన యిండ్లలోని బొమ్మలకొలువు వేరు. కొండపల్లి పొణికికర్ర బొమ్మను గాని, ఏటికొప్పాక లక్కబొమ్మను గాని చూచుటకే కొలువు తీర్చెదము. బట్టల బొమ్మ కంటికి కనబడకుండుటయే దాని గొప్ప.

ఇక ఎన్నిక విషయము. మొదట చూడవలసినది కొలత. నేడు అంగళ్లలో దొరకు బొమ్మలు పెక్కు మిక్కిలి పొడవైనవి, నడుము సన్నమైనవి. మన అమ్మమ్మల రవికలు ఆ కొలతకు కుట్టినవి కావు. పాత రవికను బొమ్మకు బలవంతముగ తొడిగినచో చంకల కడ చినుగును. కావున రవికను బల్లపై పరచి, దాని కొలత తీసి, అంతకంటె కొంచెము చిన్నదగు బొమ్మను ఎన్నుకొని, కొరవైనచోట దూదితో నింపవలెను. చిన్న బొమ్మను పెద్దది చేయవచ్చును గాని, పెద్ద బొమ్మను చిన్నది చేయలేము.

రెండవది నిలుకడ. చీరకు కాళ్లు దగ్గరగా నిటారుగ నిలిచిన బొమ్మ కావలెను. ఒక కాలు ముందునకు చాచిన బొమ్మకు కుచ్చిళ్ళు చక్కగా దిగవు. గోచిపెట్టి కట్టు పంచెకు మాత్రము కాళ్లు ఎడముగా నుండవలెను.

మూడవది మేని రంగు. దుకాణపు బొమ్మలు బహుళముగ తెల్లనివి, గులాబివన్నెవి. ఎండలో, ఉప్పుగాలిలో పెరిగిన మన బిడ్డలు వానిని చూచి, అందమనగా ఆ తెలుపేయని తలపరాదు. తల లేని బొమ్మయైనను మంచిదే. మన మేనిచాయ గల గుడ్డను కప్పిన బొమ్మ అంతకంటె మంచిది.

నాల్గవది పదార్థము. ఫైబరు బొమ్మ తుప్పుపట్టదు. కాని దాని పెచ్చులూడిన చోట పట్టుపోగు తగులుకొనును. పాత పట్టుపీలికతో బొమ్మనంతటిని తడిమి చూడుడు. పీలిక పట్టుకొన్నచోట గరుకు కాగితముతో నునుపు చేయుడు. ఇనుమును సముద్రతీరమున నమ్మరాదు. పచ్చి కొయ్యనుండి వెలువడు ఆమ్లపు ఆవిరి కాలక్రమమున బట్టకు హాని చేయును గనుక, కొయ్య నేరుగా బట్టకు తగులరాదు.

ఇన్ని బొమ్మలను కొనుటకు ధనమెక్కడిదని సంఘమువారు భయపడనక్కరలేదు. ఒక బరువైన పీట, ఒక నిలువు కర్ర, భుజములకు ఒక అడ్డకర్ర ఉన్నచో మన ఊరి వడ్రంగియే బొమ్మను సిద్ధము చేయగలడు. దానిపై దూదిని భుజములుగా, నడుముగా పొదిగి, పైన గంజి లేని, అద్దకము లేని, చక్కగా ఉతికిన తెల్లని నూలుగుడ్డను కుట్టిన చాలును. గంజి పురుగులను పిలుచును. అద్దకము చెమ్మకు చీరపైకి దిగును.

బట్ట కట్టునపుడు ఉంగరములు, గాజులు తీసి, చేతులు కడిగి తుడుచుకొనవలెను. ఫైబరు బొమ్మను చేయి పట్టి ఎత్తరాదు. నడుము పట్టి ఎత్తవలెను. రవిక తొడుగుటకు ముందు దాని చేతులను ఊడదీసి, పిదప చేతులను రవిక చేతులలోనుండి పంపి అమర్చవలెను. చీరకు గుండుసూదులు వలదు. బొమ్మ నడుమునకు వెడల్పాటి నూలు నాడాను కట్టి, కుచ్చిళ్ళను దానిలో దోపిన చాలును. జరీ పైట బరువైనది. ఆ బరువు ఒక్క మడతపై పడకుండ భుజముపై మెత్తని గుడ్డచుట్టను ఉంచవలెను. బరంపురపు పట్టునకు భౌగోళిక గుర్తింపు గలదని మీరెరుగుదురు. ఒడియాలో 'ఫోడ కుంభ' యని పిలుచు, దేవాలయ గోపురమును బోలిన ఆ అంచే దాని శోభ. చీరను అంచు కనబడునట్లు కట్టవలెను గాని, అంచును లాగి బిగింపరాదు.

పట్టునకు వెలుతురు పెద్ద శత్రువు. వెలుతురు చేసిన హాని దినదినము పేరుకొనును. ఏ వైద్యము చేతను అది తిరిగి నయము కాదు. అందుచేతనే మ్యూజియములవారు వస్త్రములపై వెలుతురును 50 లక్సులకు మించనీయరు. అది మసక వెలుతురు. మనము కిటికీలకు మందపు తెరలు కట్టి, చూపరులు వచ్చినపుడు మాత్రమే దూరమున ఒక ఎల్.ఇ.డి. దీపమును వెలిగింతము. ప్రదర్శనము మూడు వారములు వలదు. మూడు దినములు చాలును.

ఉప్పుగాలి రెండవ శత్రువు. ఉప్పు చెమ్మను లాగును. చెమ్మ జరీని నల్లబరచును, బూజును పెంచును. నల్లబడిన జరీని చింతపండుతో తోమరాదు. రబ్బరు బ్యాండ్లలోని గంధకము వెండి జరీని నల్లబరచును గనుక వానిని దరి చేరనీయరాదు. అత్తరు చల్లరాదు. ప్రదర్శనము ముగిసిన పిదప చీరను నీడలో గాలికి ఆరవేసి, నూలుగుడ్డ చుట్టిన గొట్టమునకు చుట్టి దాచవలెను. మడవవలసి వచ్చినచో పాత మడతలపైననే మడవక, క్రొత్త మడతలు వేయవలెను. ప్లాస్టిక్ సంచి చెమ్మను లోపల బంధించును; ఉతికిన నూలుగుడ్డయే శ్రేష్ఠము. నాఫ్తలిన్ ఉండలు బట్టకు తగులరాదు. వానలు వెడలిన పిదప ఒకసారి విప్పి చూచుకొనవలెను.

బొమ్మకును కొంత శ్రద్ధ కావలెను. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, మురికియున్నచో కొలది సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడువవలెను. కిరసనాయిలు, థిన్నరు పూసినచో రంగు ఊడును. విడదీసిన చేతులకు, కాళ్లకు ఒకే అంకె వేసి గుడ్డసంచులలో ఉంచినచో మరునాడు వెదుకులాట ఉండదు. పిల్లలు తగిలినను పడకుండ బొమ్మను వెనుకనుండి గోడకు త్రాడుతో కట్టవలెను.

తల్లులారా, ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. సంఘమువారు ప్రతి బట్టకును రసీదు వ్రాసి ఇయ్యవలెను. దాని పొడవు, రంగు, ఇదివరకే ఉన్న చినుగులు, మరకలు మీ యెదుటనే వ్రాసి, ఛాయాచిత్రము తీయవలెను. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి గలదు. బొమ్మకు చీర కట్టవలసినది నేను కాదు, ఉపాధ్యాయులు కాదు, మీరే. ముప్పది యేండ్లు బొమ్మలకు చీరలు కట్టిన నేను దుకాణపు కట్టునే ఎరుగుదును. గంప నెత్తిన పెట్టుకొని ఇసుకలో నడచు మన తల్లులు చీరను పైకి దోపి కట్టు తీరు నాకు రాదు. అది మీ చేతులలోనే యున్నది.

మీరు కట్టునపుడు మీ బిడ్డ ప్రక్కన నిలువవలెను. ఇది చెరగు, ఇది అంచు, ఇది పడుగు, ఇది పేక యని మీరు చెప్పగా బిడ్డ వ్రాసికొనవలెను. బొమ్మ ముందుంచు చీటిని తెలుగునను, ఒడియాలోను ఆ బిడ్డయే వ్రాయవలెను: ఈ చీర ఎవరిది, ఎక్కడ నేసినది, ఏ శుభకార్యమున కట్టినది. పొందూరు ఖద్దరునకు ప్రత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వెదరని తెలిసినచో, చేపకును చీరకును గల చుట్టరికమును చూచి మన బెస్తబిడ్డ ఎంత సంతోషించును!

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు గంజాము మద్రాసు రాష్ట్రమునుండి విడివడి అందులో చేరినది. మనము ఉన్నచోటనే యుండి అల్పసంఖ్యాకులమైతిమి. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు నిర్దేశించుచున్నది. చట్టము పాఠశాల నియ్యగలదు, పాఠ్యపుస్తకము నియ్యగలదు. ఇంటిమాటను మాత్రము ఇల్లే ఇయ్యవలెను. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురము దాపున తీరము దాటినది. అట్టి రాత్రులలో మనము బిడ్డలను, కాగితములను చేతబట్టుకొని పోవుదుము. చీరలపెట్టె వెనుక మిగిలిపోవును. చీర పోయినను, దాని పేరు, దాని కట్టు బిడ్డకు వచ్చియున్నచో అంతయు పోయినట్లు కాదు.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ చీర యున్నది. మొదటి బొమ్మకు దానినే కట్టుడని సంఘమువారిని వేడుచున్నాను. మా చెల్లెలు వచ్చి కట్టును. తుప్పు మరకను కుచ్చిళ్ళలో దాచనక్కరలేదు. ఎట్లు వచ్చినదో ప్రక్కన చీటిపై నేనే వ్రాయుదును. ఆ మరకను చూచిన పిదప ఎవరును చీరకు సూది గ్రుచ్చరు.