చెత్తలోంచి కళ: ఎవరి శ్రమ, ఎవరికి కూలి?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత సీడీలతో గోడగడియారం, కీబోర్డు మీటలతో ఉంగరాలు, సర్క్యూట్ బోర్డు ముక్కతో తాళంచెవుల గొలుసు - చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. దీన్ని మన సంఘాల్లో ఉపాధి శిక్షణగా పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. ఒప్పుకునే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకుందాం.

పాత వస్తువుకు కొత్త ఉపయోగం కనిపెట్టటం మనకు కొత్త కాదు. మా అమ్మ చీర పాతబడితే ఉయ్యాలయ్యేది. నాలుగు చీరలు కలిస్తే బొంత. మెత్తబడిన పేలికలు మా బహిష్టు గుడ్డలు. మిగిలినవి పొయ్యి దగ్గర మసిగుడ్డలు. దాన్నెవరూ సృజన అనలేదు. పొదుపన్నారు, ఆడవాళ్ళ సహజ గుణమన్నారు. రోజుల తరబడి నడుం వంచి కుట్టిన బొంతకు ఎవరూ కూలి లెక్క కట్టలేదు. అదే పని బజారుకెక్కాక కళ అయింది. ఇప్పుడైనా కుట్టిన గంటలకు లెక్క కడతారా? ఇది మొదటి ప్రశ్న.

రెండోది ఆరోగ్యం. చీర వేరు, టీవీ వేరు. పాత టీవీ పిక్చర్ ట్యూబు గాజులో, పాత బోర్డులకు పెట్టిన టంకంలో సీసం ఉంటుంది. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది. రాగి కోసం పీవీసీ వైర్లు కాలిస్తే డయాక్సిన్లు వస్తాయి. అసంఘటిత చెత్త రంగంలో ప్రపంచవ్యాప్తంగా 1 కోటీ 29 లక్షల మంది దాకా స్త్రీలు పనిచేస్తున్నారని, ఈ విషాలు వాళ్ళకూ గర్భంలోని శిశువులకూ చేటు చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది. ఉపాధి పేరుతో ఆ విషాన్ని మనమే వంటింట్లోకి తెచ్చిపెట్టవచ్చా?

మూడోది హక్కు. 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు తయారీదార్లను, ఉత్పత్తిదార్లను, బాగుచేసి అమ్మేవాళ్ళను, రీసైక్లర్లను నమోదు చేసుకోమన్నాయి. వీధుల్లో ఏరి, వేరుచేసే స్త్రీకి ఆ వరుసలో చోటు లేదు. చోటు అడిగితేనే వస్తుంది. పుణెలో చెత్త ఏరుకునేవాళ్ళు 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అనే సంఘం పెట్టుకున్నారు. నగరపాలక సంస్థ ఆమోదంతో గుర్తింపు కార్డులు సాధించుకున్నారు. వాళ్ళు మొదలుపెట్టింది బొమ్మలు చెయ్యటంతో కాదు, తాము కార్మికులమని చెప్పటంతో.

కాబట్టి నా సూచనలు ఇవి. గుడ్డ, కాగితం, సీసాలతో చేసే పనులు నేర్పుదాం, గంటల లెక్కన ధర కడదాం. ఎలక్ట్రానిక్ సామాన్లను ఇళ్ళలో పగలగొట్టటం, కాల్చటం వద్దే వద్దు. వాటి విషయంలో నేర్పాల్సింది మరమ్మతు పని - మిక్సీ, ఫ్యాను, సెల్‌ఫోను బాగుచెయ్యటం, సరైన పనిముట్లతో, గాలి ఆడే చోట. మన ఇళ్ళల్లో సూది ఆడపిల్లకిచ్చారు, స్క్రూడ్రైవరు మగపిల్లాడికిచ్చారు. బజారులో కూలి దొరికింది ఆ రెండోదానికే.

శిక్షణ మొదలుపెట్టే ముందు మీ బస్తీలో చెత్త ఏరే స్త్రీలతో ఒకసారి కూర్చోండి. ఈ విషయంలో మనకంటే వాళ్ళకే ఎక్కువ తెలుసు.