రిపోర్టు ఎవరి చేతికి?



కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే స్త్రీల గురించి మాట్లాడితే ఏజెంట్ల మోసం, జీతాల ఎగవేత చెప్పుకుంటాం. వాటికి ముందే జరిగే వైద్య పరీక్షను మాత్రం మామూలు తతంగమని వదిలేస్తాం. నేనలా అనుకోను.

గల్ఫ్ దేశాలు గుర్తించిన కేంద్రాల్లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి కోసం రక్తం పరీక్షిస్తారు. స్త్రీలకు గర్భ పరీక్ష అదనం. అక్కడ దిగాక, అకామా ఇచ్చేముందు మళ్లీ పరీక్షలు. తేడా వస్తే తిరుగు ప్రయాణమే. గర్భం జబ్బు కాదు. అయినా 'అన్‌ఫిట్' ముద్ర తప్పదు.

ఫలితాలు ఆమెకు కాక ఏజెంట్లకు, యజమానులకు అందుతున్నాయని ఐక్యరాజ్యసమితి స్త్రీ వివక్ష నిర్మూలన కమిటీ 2008లోనే తన 26వ సాధారణ సిఫారసులో ఎత్తిచూపింది. మన 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం ప్రకారం, విషయం తెలిపి సమ్మతి తీసుకున్నాకే ఆ పరీక్ష చేయాలి. కానీ అప్పుచేసి ఏజెంటుకు డబ్బు కట్టిన స్త్రీ 'వద్దు' అనగలదా? అది సమ్మతా, గత్యంతరం లేకపోవడమా?

పరీక్షలే వద్దని నేననడం లేదు. ఏది ఎందుకో ఆమెకు తెలుగులో చెప్పాలి. రిపోర్టు ముందుగా ఆమె చేతికే ఇవ్వాలి. జబ్బు బయటపడితే చికిత్సకు దారి చూపాలి. ఊళ్లలో పనిచేసే మనం, పాస్‌పోర్టు గురించి అడిగినట్టే, 'నీ రిపోర్టు ఎవరి దగ్గరుంది?' అని కూడా అడుగుదాం.