మజ్లిస్ అంటే కూర్చునే చోటు

(వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



ఆహ్వాన పత్రికలో ఈ సభను 'మజ్లిస్' అన్నారు. బడిపంతుళ్ళం కదా, మాట కనబడితే దాని పుట్టుక వెతకడం మాకు అలవాటు. ఈ పూట ఆ ఒక్క మాట గురించే మనవి చేసుకుంటాం.

అరబీలో 'జలస' అంటే కూర్చున్నాడు. దానినుంచి వచ్చిన 'మజ్లిస్' అంటే కూర్చునే చోటు. ప్రసంగించే చోటనో, తీర్పు చెప్పే చోటనో ఆ మాటలో లేదు. అరబ్బుల ఇళ్ళలో అతిథులను కూర్చోబెట్టే గది నేటికీ మజ్లిస్సే. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మన పిల్లలకు ఆ గది తెలుసు. గోడల వెంట పరుపులు, దిండ్లు, మధ్యన ఖహ్వా. 2015లో యునెస్కో యు.ఏ.ఇ., సౌదీ అరేబియా, ఒమన్, ఖతర్ దేశాల మజ్లిస్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. 1906లో ఇరాన్‌లో ఏర్పడిన పార్లమెంటుకూ ఇదే పేరు.

ఈ ధాతువుకు తెలుగులోనూ ఒక బిడ్డ ఉంది. ఉర్దూలో 'జల్సా' అంటే సభ. మన తెలుగులో జల్సా అంటే విలాసం, ఖర్చు! అచ్చంగా మనదనుకునే 'రచ్చ' సంగతీ అలాగే అయింది. సంస్కృతంలో 'రథ్య' అంటే రథం నడిచే వీధి. ప్రాకృతంలో అది 'రచ్ఛా' అయి, తెలుగులో నలుగురూ చేరే చోటుకు పేరైంది. చెట్టు కింద ఊరి పెద్దలు కూర్చునే బండ రచ్చబండ. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్న సామెతలోని రచ్చ ఆ చోటే. ఇప్పుడు మా తరగతిలో 'వాడు రచ్చ చేశాడు సార్' అంటే అల్లరి చేశాడని అర్థం. చోటు పోయి గోల మిగిలింది. మజ్లిస్‌కు ఆ గతి పట్టకూడదు.

దివ్య ఖుర్ఆన్ 58వ సూరా పేరు అల్ ముజాదలా. భర్త చేసిన అన్యాయం మీద ఫిర్యాదు చేయడానికి దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి వాదించిన స్త్రీ పేరిట వచ్చిన పేరది. ఆమె మొరను అల్లాహ్ విన్నాడన్న విషయంతోనే ఆ సూరా మొదలవుతుంది. అదే సూరా 11వ ఆయత్‌లో, మజ్లిసుల్లో ఇతరులకు చోటు ఇమ్మని విశ్వాసులకు ఆదేశం ఉంది. మొర విన్న సూరాలోనే చోటివ్వమన్న ఆజ్ఞ కూడా ఉండడం మమ్మల్ని ఆలోచింపజేసింది. ప్రవక్త (స) సహచరుల మధ్య ఎంత సామాన్యంగా కూర్చునేవారంటే, కొత్తగా వచ్చిన మనిషి 'మీలో ముహమ్మద్ ఎవరు?' అని అడగవలసి వచ్చింది.

కొన్నేళ్ళ క్రితం ఒక చోట ఫీజుల సాయం పంచుతుంటే మేము కూడా వెళ్ళాం. పెద్దలకు కుర్చీలు వేశారు. తల్లులు ఎండలో వరండా పొడవునా నిలబడ్డారు. పేరు పిలవగానే ఒక్కొక్కరూ వేదిక ఎక్కి, కవరు పట్టుకుని, ఫోటోకు నిలబడి దిగారు. మా విద్యార్థిని ఒకమ్మాయి మరునాడు వచ్చి, 'వచ్చే ఏడు నా పేరు రాయకండి సార్. అమ్మ రెండు గంటలు నిలబడింది' అంది. ఆ పేరు రాసిచ్చింది మేమే. ఆ కవరు ఇచ్చినవారి మనసు మంచిదే. కానీ అది మజ్లిస్ కాలేదు. పుచ్చుకునేవారికి అందులో కూర్చునే చోటు లేదు.

అందుకే దాతలకు మా విన్నపం ఒక్కటే. బడులు తెరిచే ముందు ఒక సాయంత్రం వేదిక, మైకు, ఫోటోలు లేకుండా జంఖానాలు పరిచి తల్లులను కూర్చోబెడదాం. ఏ బిడ్డకు ఏం కావాలో వారినే చెప్పనిద్దాం. ఫీజు కట్టినా బస్సు ఛార్జీ లేక బడి మానేసే పిల్లల సంగతి దరఖాస్తు కాగితాల్లో కనబడదు. ఎదురుగా కూర్చుంటేనే తెలుస్తుంది. కాగితాలు రాసిపెట్టడానికి మేము ఉపాధ్యాయులం సిద్ధం.

మీరిచ్చే ప్రతి రూపాయినీ అల్లాహ్ స్వీకరించుగాక. దానితోపాటు పక్కన కాస్త చోటు ఇచ్చే మనసునూ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.