దాదీ పెట్టె తెరవండి
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పెద్దలకు, తండాల నుంచి వచ్చిన నాయక్, కార్భారీలకు, ముందు వరుసలో కూర్చున్న యాడిలకు నమస్కారం. వెనక వరుసల్లో సెల్‌ఫోన్లు పట్టుకుని కూర్చున్న పిల్లలకు ఇంకో నమస్కారం ఎక్కువ. ఈ నాలుగు మాటలూ మీ కోసమే.

సంఘం పెద్దలు మమ్మల్ని చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి హాస్టల్లో రోజూ చెబుతూనే ఉన్నాం. ఈ ఒక్క రోజు బట్టల గురించి, జడల గురించి, ముఖానికి రాసుకునే క్రీముల గురించి చెబుతామంటే ముందు నవ్వారు. నవ్వే సంగతి కాదని మాకు తెలుసు. తెల్లవారి అయిదున్నరకు మా హాస్టల్ అద్దం ముందు ఎంత తోపులాట జరుగుతుందో చూసేవాళ్ళం మేము. అద్దంలో చూసుకుని తల దించుకున్న పిల్ల ఆ రోజు క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాం. కాబట్టి ఇది కూడా చదువు సంగతే.

ముందు మా తప్పు ఒకటి చెప్పుకుంటాం.

మాది దేవరకొండ వైపు తండా. మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం హాస్టల్లో ఉండి చదువుకున్నాం. నెలకో ఆదివారం మా దాదీ మమ్మల్ని చూడ్డానికి వచ్చేది. ఎర్రటి ఫేటియా, అద్దాల కాంచళి, తల మీద టుక్రి, చెంపల పక్కన వేలాడే వెండి ఘూగ్రి, భుజం నుంచి మణికట్టు దాకా బలియాలు. చేతిలో గుడ్డమూట. అందులో జొన్న బాటీలు, వేయించిన పల్లీలు. ఆమె గేటు దగ్గరికి రాకముందే గలగల వినిపించేది. ఆ చప్పుడు విని తోటి పిల్లలు కిటికీల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. నవ్వేవాళ్ళు. ఒకసారి మేమిద్దరం కూడబలుక్కుని దాదీతో అనేశాం, "ఈసారి వచ్చేటప్పుడు చీర కట్టుకుని రా" అని.

దాదీ ఏమీ అనలేదు. పై నెల చీరలో వచ్చింది. పక్కింటి వాళ్ళని అడిగి తెచ్చుకున్న చీర అది. ఆమెకు కట్టుకోవడం రాదు. కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, మూట ఇంకో చేత్తో పట్టుకుని, బస్టాండు నుంచి నడిచి వచ్చింది. చప్పుడు లేకుండా వచ్చింది కాబట్టి ఆ రోజు ఎవరూ కిటికీల దగ్గరికి రాలేదు. మేము కోరుకున్నది అదే. ఆ తర్వాత ఆమె రావడం తగ్గించేసింది.

దాదీ పోయాక పెట్టె తెరిచి చూశాం. ఫేటియా ఒక్కటే ఉంది. అంచులో అతికిన ముక్కల్లో ఒకటి నీలం రంగు. పట్టి పట్టి చూస్తే అది మా పాత స్కూల్ లంగా గుడ్డ. మేము వేసుకుని చింపేసినదాన్ని కత్తిరించి, చుట్టూ కుట్టు వేసి, మధ్యలో అద్దం పెట్టి తన ఫేటియాకు అతికించుకుంది. మేము ఆమె బట్టల్ని చూసి సిగ్గుపడుతున్న రోజుల్లోనే ఆమె మా బట్టని ఒంటి మీద వేసుకుని తిరిగింది.

ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, మొన్న పేరెంట్స్ మీటింగుకు ముందు మా హాస్టల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి వచ్చి చిన్నగా అంది, "మేడం, మా దాదీకి రావద్దని ఫోన్ చేసి చెప్పండి" అని. కారణం అడిగే పని మాకు లేకపోయింది.

ఈ సిగ్గు మీలో పుట్టింది కాదు పిల్లలూ. మనవాళ్ళు ఒకప్పుడు వేలకొద్దీ ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసి దేశమంతా తిరిగి వ్యాపారం చేశారు. రోడ్లు, రైళ్ళు వచ్చి ఆ వ్యాపారం పోయింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఎన్నో సంచార తెగలతోపాటు మనవాళ్ళనూ చాలాచోట్ల ఆ జాబితాలోకి లాగింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ ఆ చూపు అంత తొందరగా పోలేదు. మన ఆడవాళ్ళ బట్టలు దూరం నుంచే ఫలానావాళ్ళు అని చెప్పేస్తాయి. అందుకే ఆ చూపు ముందుగా తగిలింది వాళ్ళకే.

అలాగని చీర కట్టుకున్నవాళ్ళంతా జాతిని మరిచిపోయారని మేము అనం. ఆ బట్టల బరువు మోసినవాళ్ళకు తెలుసు. ఎండలో కూలి పనికి, నాట్లకు ఫేటియాతో దిగడం కష్టం. చేతినిండా బలియాలతో మోచేయి ఒరుసుకుపోయి పుండు పడ్డవాళ్ళను చూశాం. మొగుడు పోతే మోచేతి పైనున్నవి తీసెయ్యాలనే ఆచారాన్నీ చూశాం. అవన్నీ మళ్ళీ తెచ్చి నెత్తిన పెట్టుకోమని ఎవరూ చెప్పరు. మా యాడి చీరలోనే బతికింది, మేమూ డ్యూటీకి చీరలోనే వెళ్తాం. ఏది వేసుకోవాలో మీ ఇష్టం. అయితే అది మీ ఇష్టమై ఉండాలి, పక్కవాళ్ళ నవ్వుకు భయపడి కాకూడదు.

ఇప్పుడు మీలో చాలామంది తీజ్‌కు, ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి ఫేటియా వేసుకుంటున్నారు. సంతోషం. కానీ ఎక్కడిది? అద్దెకు తెచ్చినది. మిషను కుట్టు, ప్లాస్టిక్ అద్దం, ఒంటికి గుచ్చుకునే నైలాన్ గుడ్డ. రీలు తీసి సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తున్నారు. అదే రోజు ఇంట్లో దాదీ పెట్టెలో చేత్తో కుట్టిన నూలు ఫేటియా మడత కూడా విప్పకుండా పడి ఉంటుంది.

లేదంటే అదీ ఉండదు. మా చిన్నప్పుడు తండాకు ఒక బేరగాడు వచ్చేవాడు. పాత ఫేటియాలు, కాంచళీలు తీసుకుని స్టీలు బిందెలు ఇచ్చేవాడు. రెండు వర్షాకాలాలు కూర్చుని కుట్టిన బట్ట ఒక బిందెకు పోయేది. అలాంటి పాత బట్టల్ని ముక్కలు చేసి బ్యాగులు, దిండు గలీబులు కుట్టి అమ్ముతారు. గోవాలో అంజునా బుధవారం సంతలో విదేశీయులు వాటినే ఏరుకుని కొంటారు. వాళ్ళు దానికి 'వింటేజ్' అని పేరు పెట్టుకున్నారు. మనం 'పాతది' అన్నాం, బిందెకు ఇచ్చేశాం.

కర్ణాటకలో సండూరు అనే ఊరుంది. అక్కడి లంబాణీ ఆడవాళ్ళు సంఘంగా కూర్చుని మన కుట్టు పనే చేస్తారు. ఆ కుట్టుకు జీఐ గుర్తింపు వచ్చింది. 2023లో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు 450 మందికి పైగా ఆడవాళ్ళు కుట్టిన 1,755 వస్తువుల్ని ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డు అయింది. అదేమీ కొత్తగా నేర్చుకున్న విద్య కాదు. మీ ఇంట్లో దాదీ వేళ్ళకు వచ్చిన విద్యే.

మరి రోజూ ఎలా వేసుకోవాలి అంటారా? మా హాస్టల్ పిల్లలు చేసినవే చెబుతాం. తలనుంచి కాలిదాకా అన్నీ వేసుకోనక్కర్లేదు. ఏదో ఒక్కటి చాలు. సాదా నూలు కుర్తాకు మెడ దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పు అద్దాల పట్టీ కుట్టుకుంటే సరిపోతుంది. పాత టుక్రిని చున్నీగా వేసుకోవచ్చు. గవ్వల అంచు సంచికి పెట్టుకోవచ్చు. మగపిల్లలకూ చెబుతున్నాం. మీ దాదా తలపాగా గుడ్డ మెడలో స్కార్ఫుగా ఎంత బాగుంటుందో వేసుకుని చూడండి. మిగతావన్నీ ఉతికినవి, ఒంటికి సరిపోయినవి, గుండీలు ఉన్నవి అయితే చాలు.

ఒక జాగ్రత్త. కొన్ని నగలకు అర్థం ఉంది. ఘూగ్రి పెళ్ళయిన ఆడవాళ్ళ గుర్తు. మోచేతి పైన వేసే బలియాలూ అంతే. ఫోటోకు బాగుందని పెట్టుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను ఒక మాట అడగండి. వాళ్ళు వద్దంటే ఎందుకు వద్దో కూడా అడగండి. ఆ మాటల్లోనే మీకు సగం చరిత్ర తెలుస్తుంది.

పాత బట్టను మిషనులో వేయకండి, అద్దాల మీద మడత పెట్టకండి. మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు మధ్య పెట్టి, ఏడాదికి రెండుసార్లు నీడలో ఆరేయండి. పాత వెండిని తూకానికి అమ్మి కరిగించే ముందు కనీసం ఫోటో తీసి పెట్టుకోండి. కరిగిన నగ మళ్ళీ రాదు.

ఇక ముఖం సంగతి. ఇది మనసు పెట్టి వినండి.

రెండేళ్ళ కిందట మా పిల్లలు నలుగురు ఒకే ట్యూబు పంచుకుని రాసుకున్నారు. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చారు. మొదటి పది రోజులు ముఖం నున్నగా, తెల్లగా కనిపించింది. రెండు నెలలకు ఒక పిల్ల బుగ్గలు ఎర్రబడి, ఎండలోకి వెళ్తే మండిపోయి, గడ్డం మీద వెంట్రుకలు వచ్చాయి. మానేస్తే మంట ఇంకా ఎక్కువైంది. చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే అది స్టెరాయిడ్ మందని చెప్పారు. తామర, గజ్జి లాంటి వాటికి కూడా అడక్కుండా వాడకూడదని, ముఖానికి తెల్లదనం కోసం అసలే వాడకూడదని గట్టిగా చెప్పారు. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అనే పేర్లు కనిపిస్తే అవి స్టెరాయిడ్లు. డాక్టరు రాయకుండా ముట్టుకోకండి. ఇప్పటికే రాస్తున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపేసి బాధపడకండి, ముందు డాక్టరుకు చూపించండి. పేరూ ఊరూ లేని కొన్ని క్రీముల్లో పాదరసం కలుపుతారు, అది మూత్రపిండాల్ని పాడు చేస్తుంది. ఆ అమ్మాయి ముఖం మామూలు కావడానికి ఏడాది పట్టింది.

తెల్లబడటం వేరు, పాలిపోవడం వేరు. మనలో చాలామంది ఆడపిల్లలకు కావలసింది క్రీము కాదు, రక్తం. ఆడపిల్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. వారానికోసారి స్కూల్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను కిటికీలోంచి పారేసేవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారో మాకు తెలుసు, పేర్లు చెప్పం. అన్నం తిన్నాక వేసుకోండి. తిన్న వెంటనే టీ తాగకండి, ఐరన్ ఒంటికి పట్టదు. జొన్న బాటి, ఆకుకూర మీద నిమ్మకాయ పిండుకోండి, పల్లీలు బెల్లం తినండి. మా దాదీ మూటలో తెచ్చింది ఇవే.

మిగతావి పైసా ఖర్చులేని అలవాట్లు. ఎవరి దువ్వెన వాళ్ళదే, ఎవరి తువ్వాలు వాళ్ళదే. పేలు, తామర సగం తగ్గిపోతాయి. మగపిల్లలూ, ఒకే బ్లేడుతో ఇద్దరు గడ్డం గీసుకోకండి. వారానికి రెండుసార్లు తలకు నూనె, కుంకుడుకాయ రసంతో స్నానం. నెలసరి గుడ్డలు వాడేవాళ్ళు సిగ్గుపడి తలుపు వెనక ఆరేయకండి, బాగా ఉతికి ఎండలో ఆరేయండి. రాత్రి పదింటికి ఫోను పక్కన పెట్టి పడుకోండి. కళ్ళ కింద నలుపుకు అంతకన్నా మంచి మందు మాకు తెలియదు.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాం. మేము ఫోన్ చేశాం. రావద్దని కాదు, సూది దారం పట్టుకుని ఒక గంట ముందు రమ్మని. ఆమెతోపాటు ఇంకో ముగ్గురు దాదీలను కూడా పిలిచాం. వరండాలో చాప వేసి కూర్చోబెడితే చుట్టూ పిల్లలు చేరారు. ఆ అమ్మాయి మొదట దూరంగా స్తంభం దగ్గర నిలబడింది. గంట తర్వాత చూస్తే దాదీకి సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. ఆమె కళ్ళు సరిగా కనబడవు కదా. ఆ అమ్మాయి ఒక్క రోజులో మారిపోయిందని మేము చెప్పం. ఇప్పటికీ ఫేటియా వేసుకోను అంటుంది. సరే. కానీ మొన్న దాదీ వచ్చి వెళ్తుంటే గేటు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. గలగలమని అందరికీ వినిపించేలాగే వెళ్ళారు.

మేము ఆ పని చెయ్యలేకపోయాం. మీకు ఇంకా సమయం ఉంది. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక పెట్టె తెరవమని దాదీని అడగండి. ప్రతి ముక్కా ఎక్కడిదో, ఎవరు కుట్టారో చెప్పించుకోండి. ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. అందులో మీ చిన్నప్పటి గుడ్డ ఒకటి దొరికినా దొరకవచ్చు.