ఒంటి మొక్క, ఓ బస్తా యూరియా

(సింగపూర్, జురాంగ్ వెస్ట్‌లో జరిగిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పగలంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడికి వరి గురించి మాట్లాడే అర్హత ఏమిటని మీరడగవచ్చు. కృష్ణా డెల్టాలో మా నాన్నగారిచ్చిన రెండెకరాలున్నాయి. కౌలు రైతు చేస్తున్నాడు. ఆ అర్హతతోనే ఒక ఏడాది జురాంగ్ వెస్ట్ నుంచి ఫోన్ చేసి, "పైరు పచ్చగా లేదట, ఇంకో బస్తా యూరియా వెయ్యి బాబాయ్" అన్నాను.

"పచ్చదనం చూసి మురిస్తే గింజ రాదు బాబూ" అన్నాడాయన. అయినా ఆసామి మాట కదా, వేశాడు. పైరు ఏపుగా పెరిగింది. దోమ పట్టింది. ఈనాక గాలివానకు చేను పడిపోయింది. నష్టం ఆయనది. నా కౌలు మాత్రం నాకు పూర్తిగా అందింది.

ఆ సిగ్గుతోనే చదవడం మొదలుపెట్టాను. 45 కిలోల బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 21 కిలోలకు కాస్త తక్కువ. నిలవ నీటిలో చల్లితే అందులో సగానికి పైగా మొక్కకు అందదు. గాలిలోనో, మురుగు నీటిలోనో కలుస్తుంది. అందుకే నీరు తీసి, బురద పదునులో వేసి, 36–48 గంటలాగి నీరు పెట్టమంటారు. అదీ ఒకేసారి కాదు: దమ్ములో, పిలకల దశలో, అంకురం దశలో.

నాటు పద్ధతీ అంతే ముఖ్యం. మడగాస్కర్‌లో ఫాదర్ లోలానీ 1980లలో రూపొందించిన పద్ధతిని 2003 ఖరీఫ్‌లో మన ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుల పొలాల్లోకి తెచ్చింది. అదే 'శ్రీ' సాగు. 8–12 రోజుల నారు, కుదురుకు ఒకే మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం. ఎకరాకు 2 కిలోల విత్తనం చాలు. మామూలుగా 20 కిలోలకు పైనే పడుతుంది. ఎడంగా నాటితే గాలీ వెలుతురూ ఆడతాయి. గుబురు చేలో యూరియా ఎక్కువైతే దోమకూ అగ్గితెగులుకూ విందు భోజనమే.

మరి అందరూ 'శ్రీ' ఎందుకు చేయరు? లేత నారు నాటే నేర్పు కావాలి, వీడరు నెట్టే మనిషి కావాలి, నీరు మన చేతిలో ఉండాలి. కూలి ఖరీదు. సబ్సిడీ వల్ల యూరియా బస్తా 270 రూపాయల లోపే. చేతిలో డబ్బు లేని కౌలు రైతు దేనివైపు చూస్తాడు?

ఇప్పుడు నాట్ల కూలిలో సగం నేను పెడుతున్నాను. పంట దెబ్బతింటే కౌలు తగ్గించుకుంటాననీ మాటిచ్చాను. మనలో పొలం కౌలుకిచ్చినవారు చాలామంది ఉన్నారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "ఎన్ని బస్తాలు వేశావు?" అని కాక, "నాట్లకు మనుషులు దొరికారా?" అని అడుగుదాం. సెలవు.